నీలిపూత కుండ

ముందుగది, కిటికీ పక్క బల్ల
వానలు మొదలైన వారం

చిరంజీవి మరదలికి,
బావ ఆశీర్వదించి వ్రాయునది.

నేటికి నీ అక్కా నేనూ ఒక ఇంటివారమై నలభై రెండు సంవత్సరాలు నిండినవి. ఇద్దరు ఒకటైన రోజును తలచుకోవడమంటే ఆ ఇంటికి ఎవరు కొరతగా ఉన్నారో తలచుకోవడం కూడానని ఇన్నేళ్లకు నాకు బోధపడింది. మా ఇంటి కొరతకు పేరు పెట్టవలసివస్తే అది నీ పేరే. మామగారు కన్నుమూసిన రోజున నీవు రాలేదు. కుండల బట్టీ మండుతోంది, నిప్పు వదిలి రాలేనని కబురు పంపావు. "దానికి బట్టీయే తండ్రి" అన్నది మీ అక్క. ఆ మాట నీకు చేరింది. పదకొండేళ్లుగా మీ ఇద్దరి మధ్య ఒక ఉత్తరం ముక్క నడవలేదు. ఆ తగవుకు తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. నేను వ్రాస్తున్నది వేరే పని మీద.

గత మాసం మా ఇంటికి ఒక చేపల తొట్టి వచ్చింది. నవ్వదలిస్తే నవ్వుకో. మీ అక్క దాని ఎదుట కూర్చుంటుంది. దుకాణం ముసలాయన అందులో ఒక ప్లాస్టిక్ కోటా, నోరు తెరుస్తూ మూస్తూ బుడగలు వదిలే పెట్టె ఒకటీ, గులాబీరంగు మొక్కా పెట్టి ఇచ్చాడు. మీ అక్క వాటిని చూసి మొహం తిప్పుకున్నది. మూడు రోజులు తిప్పుకునే ఉన్నది. నాలుగో రోజున నేను ఓడిపోయి వాటిని తీసివేశాను. ఇప్పుడు తొట్టిలో ఉన్నవి నీళ్లు, ఇసుక, ఆరు చేపలు. చిటికెనవేలంత ఉంటాయి, గోధుమవన్నెవి. రాతిసందుల్లో, గుహల్లో గుడ్లు పెట్టే జాతి అట. దాగే చోటు లేక ఆరూ ఒక మూలకు చేరి, పరీక్షకు చదవకుండా వచ్చిన పిల్లల్లాగా ఒకదాని వెనుక ఒకటి నక్కుతున్నాయి.

చిన్న మట్టికుండ పక్కకు పడుకోబెడితే అదే వాటికి ఇల్లు అవుతుందన్నాడు ముసలాయన. మట్టికుండ అనగానే నాకు లోకంలో ఒక్కరే గుర్తుకు రావాలి కదా. తొట్టి పొడవు నాలుగున్నర జానలు, వెడల్పు జానెడున్నర, ఎత్తు రెండు జానలు. దానికి తగిన కుండలు మూడు చేసి పంపగలవా?

అడుగుతున్నది కుండలే. కుండ వచ్చిన దారి మనిషికీ గుర్తుంటుందేమోనని ఒక ముసలివాడి ఆశ.

నీ బావ


బట్టీ వసారా
ఎండ తొంగిచూసిన రోజు

పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చేతులకు మట్టి ఉంది. అందుకే మీ "చిరంజీవి" మీద నా వేలిముద్ర పడింది. రెండోసారి చేతులు కడుక్కుని చదివాను. మూడోసారి ఎందుకు చదివానో మీకు చెప్పను.

తొట్టి నాలుగున్నర జానలట. ఎవరి జాన బావగారూ? మీదా, అక్కదా, దుకాణం ముసలాయనదా? మీ జానకు నేను కుండ చేస్తే అది మీ తొట్టిలో పట్టదు, నా జానకు చేస్తే చేపలు తలగడగా పెట్టుకుంటాయి. దయచేసి ఒక టేపు సంపాదించి అంగుళాల్లో రాయండి. నిఘంటువుల పక్కన టేపు పెట్టుకుంటే సరస్వతి ఏమీ అలగదు.

మీరు చేపలు పెంచుతున్నారంటే నాకు నమ్మకం కుదరడం లేదు. పెళ్లైన కొత్తలో వంటింట్లోకి పిల్లి దూరితే కర్ర తీసుకోకుండా దానికి నీతి బోధించిన మనిషి మీరు. పిల్లి మొత్తం విని, పాలు తాగి వెళ్లింది.

ఇంకొకటి అడుగుతాను. అక్క తొట్టి ఎదుట కూర్చుంటుందని రాశారు. నాకు తెలిసిన అక్క పావుగంట ఒకచోట కూర్చోదు. అన్నం కూడా నిలబడి తినేది, ఎవరో తరుముతున్నట్టు. ఎప్పుడు కూర్చోవడం నేర్చుకుంది?

కుండలు చేస్తాను. అక్కకు చెప్పి అడిగారో చెప్పకుండా అడిగారో రాయండి. చెప్పి అడిగితే ఒక రకంగా చేస్తాను, చెప్పకుండా అడిగితే ఇంకో రకంగా చేస్తాను. రెండు రకాలకూ తేడా ఏమిటని అడక్కండి, నాకే తెలియదు.

మీ మరదలు


ముందుగది
వాన వెలిసిన పూట

చిరంజీవి మరదలికి ఆశీస్సులు.

పొరుగింటి దర్జీ దగ్గర టేపు తెచ్చి కొలిచాను. పొడవు ముప్పై ఆరు అంగుళాలు, వెడల్పు పన్నెండు, ఎత్తు పదహారు. దర్జీ ఎవరికి బట్టలు కుట్టిస్తున్నారని అడిగాడు. చేపలకు ఇల్లు కట్టిస్తున్నానన్నాను. నేను టేపు తిరిగి ఇచ్చేవరకూ అతడు మా గుమ్మం దిగలేదు.

మీ అక్క కూర్చోవడం గురించి అడిగావు. వయసు మీద పడ్డాక కాళ్లు నిలకడ నేర్చుకుంటాయి. అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు. నీకు వ్రాసిన సంగతి ఆమెకు నేను చెప్పలేదు.

ఈలోగా నేనూ చేతులు ముడుచుకొని కూర్చోలేదు. పెరట్లో పగిలిన పెంకు ఒకటి తెచ్చి, అంచు గరుకుకాగితంతో రుద్ది, ఇసుకలో వాల్చి చిన్న వంతెన కట్టాను. తెల్లని రాళ్లు నాలుగు ఏరి తెచ్చి మురిసిపోయాను. ముసలాయన వాటి మీద వెనిగర్ చుక్క వేశాడు. రాయి నురగ కక్కింది. "ఇది సున్నపురాయి పంతులుగారూ, నీళ్లను చెడగొడుతుంది. రాయి అందం చూసి తేకూడదు, గుణం చూసి తేవాలి" అన్నాడు. ముప్పై ఐదేళ్లు ఇదే మాటను నేను పిల్లలకు పద్యాల్లో చెప్పాను. రాళ్లు ఏరేటప్పుడు అది నాకే గుర్తు రాలేదు.

ఒక చిన్న కోరిక. కుండ అంచు చుట్టూ ఈ ఆటవెలది చెక్కగలవేమో చూడు. నిన్న తొట్టి ఎదుట మీ అక్క పక్కన కూర్చున్నప్పుడు వచ్చింది.

నీటిలోని కుండ నిశ్చలముగ నుండు
కదలు చేప దాని కడుపుఁ జేరు
మాట లేని మనసు మట్టిని వెదకును
చేయి తాఁకు చోటె చెలిమి చోటు

యతులు సరిపోయాయి. మిగతాది సరిపోయిందో లేదో నీ చేతికి తెలియాలి.

నీ బావ


బట్టీ వసారా
గాలి ఎక్కువగా ఉన్న రోజు

పూజ్యులైన బావగారికి,

ఈ చీటీ పెట్టెలో పైనే పెడుతున్నాను. గడ్డి జాగ్రత్తగా తీయండి, మూడు కుండలు ఉన్నాయి.

ఎర్రవి రెండూ వట్టి మట్టి. పూత లేదు, రంగు లేదు. నోటి అంచులు రుద్ది నునుపు చేశాను, చేప పొట్ట గీసుకోదు. ఐదు రోజులు నీళ్లలో నానబెట్టి, రోజూ నీళ్లు మార్చి ఆ తరువాత తొట్టిలో పెట్టండి. సబ్బు తగలనివ్వకండి. మీ శుభ్రత నాకు తెలుసు కాబట్టి రెండోసారి కూడా రాస్తున్నాను, సబ్బు వద్దు.

మూడోది నీలం. పదేళ్లుగా ఆ నీలం కోసం తంటాలు పడుతున్నాను. అక్క పదమూడేళ్లప్పుడు తొడుక్కున్న గౌను రంగు. పొట్టిదైపోయాక నాకు ఇచ్చింది, నేను మొదటిరోజే మురికి చేశాను. ఆ రంగు గాజుపూత ఒక్కసారే సరిగ్గా కుదిరింది, ఈ కుండ మీద. ఎవరికీ అమ్మలేదు, ఎవరికీ చూపలేదు. మీరు చెప్పకుండా అడిగారు కాబట్టి ఇదీ చెప్పకుండానే ఆమె ముందు పెట్టండి.

పద్యం మొత్తం చెక్కాలంటే కుండ చాలదు, గోలెం కావాలి. చివరి పాదం మాత్రం చెక్కాను. "చేయి తాకు చోటె." అక్కడికి అంచు అయిపోయింది. చెలిమి దొరకలేదు.

ప్రతి కుండ అడుగున, లోపలివైపు, నా బొటనవేలి నొక్కు ఉంటుంది. చిన్నప్పుడు ఇద్దరం మట్టిగిన్నెలు చేసేటప్పుడు ఏది ఎవరిదో తెలియాలని మొదలుపెట్టిన అలవాటు. అక్కకు గుర్తుందో లేదో.

ఆమె ఏమందో రాయండి. తిట్టినా సరే, తిట్టును తిట్టుగానే రాయండి. మీరు దానికి అలంకారాలు తొడగవద్దు.

మీ మరదలు


ముందుగది
పెట్టె అందిన ఐదో వారం

చిరంజీవి మరదలికి ఆశీస్సులు.

ఆలస్యానికి మన్నించు. నీ మూడు కుండలూ క్షేమంగా చేరినవి. చెప్పినట్టే నానబెట్టి, సబ్బు తగలనీయకుండా తొట్టిలో ఉంచాను. నీలికుండ నీటి అడుగున నెమలి కంఠంలా మెరుస్తున్నది. నెల కావస్తున్నా ఆ కాంతి రవ్వంత తగ్గలేదు. ఆరు చేపలూ దానిని రాజధానిగా చేసుకొని, ఎర్రకుండలను విహారస్థలాలుగా ఏర్పరచుకొని సుఖంగా ఉన్నవి. ఉదయపు ఎండ తొట్టి మీద పడే వేళ చూడవలసిన శోభ అది.

మీ అక్క ఏమన్నదని అడిగావు. కుండను చేతిలోకి తీసుకున్నది. లోపల వేలు పెట్టి తడిమింది. చాలాసేపు వదలలేదు. తిట్టలేదు.

ఇంతకన్నా వ్రాయడానికి ఈ పూట ఓపిక చాలడం లేదు.

నీ బావ


బట్టీ వసారా
మీ ఉత్తరం అందిన రోజే

బావగారికి,

మీకు అబద్ధం చేతకాదు. నిజం చెప్పేటప్పుడు మీ వాక్యాలు పొట్టిగా ఉంటాయి. పోయిన ఉత్తరంలో అక్క గురించి రాసినవి నాలుగు వాక్యాలు, నాలుగూ పొట్టివి, అవి నమ్మాను. చేపల గురించి రాసినవి మాత్రం రథోత్సవంలాగా నడిచాయి.

ఆ నీలం నీళ్లలో నెల రోజులు మెరవదు బావగారూ. అది రాగితో వచ్చే రంగు. నేను తక్కువ వేడి మీద కాల్చాను, ఎక్కువైతే రంగు నల్లబడుతుందని. అల్మారాలో పెడితే వందేళ్లు ఉంటుంది. నీళ్లలో పెడితే పది రోజుల్లో మసకబారి రాగి నీళ్లలోకి దిగుతుంది. మనిషికి కనబడనంతే, కానీ చేపకు చాలు.

ఇది నాకు తెలియని సంగతి కాదు. ఇక్కడ నేర్చుకునే అమ్మాయిలకు మొదటి వారంలోనే చెబుతాను. నీళ్లు నిలవుండే పాత్రకు ఈ పూత వద్దని గోడ మీద రాసిపెట్టాను కూడా. మీ కుండకు పూత వేసేటప్పుడు ఆ గోడకు వీపు పెట్టి కూర్చున్నాను. పెట్టె పంపిన పదిరోజులకు ఒక అమ్మాయి గోడ తుడుస్తూ ఆ మాట పైకి చదివింది. వెంటనే అదే పూత ఉన్న పెంకు ఒకటి నీళ్ల పళ్లెంలో వేసి, చెరువులో నత్తలు తెచ్చి వదిలాను. మూడోరోజుకు నత్తలు చచ్చి గుల్లలోంచి బయటికి జారిపోయాయి. మీకు రాద్దామని కాగితం తీశాను. రెండు వారాలు తీస్తూ పెడుతూ ఉన్నాను. ఇంతలో ఆరూ సుఖంగా ఉన్నాయని మీ ఉత్తరం వచ్చింది.

ఊళ్లో అందరికీ మామూలు మట్టికుండలు ఇచ్చాను, ఎవరికీ ఏ కీడూ జరగలేదు. అక్కకని ప్రత్యేకంగా చేసిన ఒక్కటే ఇలా అయింది.

ఎన్ని పోయాయో చెప్పండి. అలాగే అక్క ఎందుకు కూర్చుంటుందో కూడా. ఈసారి పొట్టి వాక్యాల్లో.

మీ మరదలు


ముందుగది
ముసురు పట్టిన రోజు

మరదలికి,

నాలుగు పోయినవి. రెండు మిగిలినవి.

మీ అక్కకు పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలైంది. ఒక ఉదయం వంటింట్లో చేతిలోని గ్లాసు జారింది. నేను పక్కగదిలో చదువుకుంటూ, "ఏమిటా చప్పుడు" అని కూర్చున్నచోటు నుంచే అడిగాను. జవాబు రాలేదు. ఆనాటి నుంచి ఏ ప్రశ్నకూ రాలేదు. కుడి చేయి, కుడి కాలు కదలవు. మాట లేదు. తెలివి నిండుగా ఉన్నది. కదిలే వస్తువును చూపు వెంబడిస్తే మేలని వైద్యుడు చెప్పినందువల్ల తొట్టి తెచ్చాను.

నీకు ఎందుకు చెప్పలేదో వినవలసిన హక్కు నీకున్నది. మూడేళ్ల కిందట ఆమెకు పెద్ద జ్వరం వచ్చింది. నీకు కబురు చేస్తానన్నాను. లేచి కూర్చుని, "నేను పోతున్నానని చెప్పి దాన్ని రప్పించకండి. నాన్న చావుకు రానిది నా మీద జాలితో రావడం నాకు వద్దు. నేను తిరుగుతూ ఉన్నప్పుడు, నాతో పోట్లాడ్డానికి వస్తే రానివ్వండి" అన్నది. నా చేత మాట తీసుకున్నది. మాట తప్పరాదని ముప్పై ఐదేళ్లు పాఠం చెప్పినవాణ్ణి. మనిషిని పిలవలేక కుండలను పిలిచాను.

నీలికుండ తొట్టిలో పెట్టిన తొమ్మిదోనాటికి చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరిచి ఊపిరి కోసం తన్నుకున్నవి. పదోరోజున ఒకటి, పన్నెండోరోజున మూడు. ముసలాయన వచ్చి కుండను చూసి, "ఇది ఇప్పుడే తీసేయండి పంతులుగారూ" అన్నాడు. నేను చేయి ముంచబోయాను. మీ అక్క ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకున్నది. ఎనిమిది నెలల్లో ఆమె నన్ను అంత గట్టిగా పట్టుకోవడం అదే మొదలు.

"చేపలు చచ్చిపోతాయి" అన్నాను. వదలలేదు. "ఏది కావాలి నీకు, చేపలా, కుండా?" అని అడిగాను. కుండ వైపు చూసింది.

మిగిలిన రెండింటినీ ఎర్రకుండలతో సహా స్నానాలగదిలో బకెట్టులోకి మార్చాను. ఇప్పుడు తొట్టిలో నీళ్లూ నీ నీలికుండా మాత్రమే ఉన్నవి. నీవన్నట్టే అది మసకబారింది. ఉదయం కాఫీ తరువాత ఆమెను అక్కడ కూర్చోబెడతాను. దీపాలు పెట్టేవేళకు లేపుతాను. నిన్న ముసలాయన మేత ఇవ్వడానికి వచ్చి, "ఖాళీ తొట్టిలో ఏం చూస్తున్నారమ్మా" అని ఆమెను అడిగాడు. ఆమె అతనికి కుండను చూపించింది, ఇంటికి వచ్చిన చుట్టాన్ని పరిచయం చేసినట్టు.

నేను నిన్ను రమ్మని వ్రాయడం లేదు. తప్పిన మాటలో మిగిలిన ముక్క అదొక్కటే, అదైనా నిలబెట్టుకోనీ.

నీ బావ


బట్టీ ఎదుట, గోనెసంచి మీద
నిప్పు పెట్టిన రెండో రోజు మధ్యాహ్నం

బావగారికి,

మీ ఉత్తరం వచ్చేటప్పటికి బట్టీ మండుతోంది. నాకు కబుర్లు ఎప్పుడూ బట్టీ మండుతుండగానే వస్తాయి. మూడు రోజుల నిప్పు ఇది, రేపు సాయంత్రం దాకా గంటగంటకూ కట్టె వెయ్యాలి. వేడి పడిపోతే నాలుగు నెలల పని పెంకులవుతుంది.

పదకొండేళ్లుగా అందరికీ ఈ లెక్కే చెప్పాను. మీకు అసలు సంగతి చెబుతాను. నాన్న పోయిన రోజున కూడా నిప్పు పెట్టి రెండో రోజే. అప్పుడు మా గురువుగారి భార్య ఇక్కడే ఉంది. నాకంటే బాగా నిప్పు చూడగలదు. "నువ్వు వెళ్లు, నేను చూసుకుంటా" అని రెండుసార్లు అంది. నేనే కదల్లేదు. దానికి ముందు నాన్నను చూడ్డానికి వచ్చినప్పుడు ఆయన పుస్తకం ఒకటి తీశాను. "చేతులు కడుక్కుని ముట్టుకో" అన్నారు. కడుక్కునే ఉన్నాను బావగారూ. గోళ్లలో మట్టి పోదు. చివరి క్షణంలో కూడా నా చేతుల వైపు అలాగే చూస్తారేమోనని భయపడ్డాను. ఆ భయానికి బట్టీ అని పేరు పెట్టాను.

నాలుగేళ్ల క్రితం మీ వీధి చివరిదాకా వచ్చాను. అక్క మేడ మీద బట్టలు ఆరేస్తోంది. నోట్లో రెండు క్లిప్పులు పెట్టుకుని, కింద ఎవరినో కేకలేస్తోంది. క్లిప్పులు ఉన్నాయి కాబట్టి ఒక్క మాటా అర్థం కాలేదు, గొంతు మాత్రం వినబడింది. ఆ గొంతు విని, సరే, బాగానే ఉంది అనుకుని తిరిగొచ్చేశాను. ఇంకో యాభై అడుగులు వేసి ఉంటే, ఆ తిట్లు నన్నే తిట్టేది. ఇప్పుడు రోజంతా అదే గుర్తొస్తోంది. ఎంత దగ్గరకు వచ్చానో.

నా దగ్గర నేర్చుకునేవాళ్లలో పెద్దమ్మాయి ఉంది. నిప్పు రంగు చూసి వేడి చెప్పగలదు. ఇందాక కట్టె తన చేతికిచ్చి, రేపు సాయంత్రం దాకా నీదే అన్నాను. "పాడైతే?" అంది. "పాడైతే మళ్లీ చేద్దాం" అన్నాను. ఆ మాట అనడానికి నాకు పదకొండేళ్లు పట్టింది.

అక్క జాలితో రావద్దంది. జాలి లేదు. కోపంగా ఉంది. నన్ను తిట్టాల్సిన తిట్లన్నీ లోపల పెట్టుకుని మాట పోగొట్టుకుంది. పోట్లాడ్డానికే వస్తున్నానని చెప్పండి. ఈ ఉత్తరం కంటే నేనే ముందు చేరతానేమో.

ఉడత
(అక్క నన్ను పిలిచే పేరు. ఆమెకు చదివి వినిపించేటప్పుడు ఇదే చదవండి.)


ముందుగది
ఎండలు తిరిగి వచ్చిన వారం

బట్టీ చూసుకుంటున్న చిరంజీవి అమ్మాయికి,

నీవు నన్ను ఎరుగవు. నేను నీ గురువుగారికి బావను. ఆమె వచ్చి నేటికి ఇరవై ఆరు రోజులు. ఆమే వ్రాయవలసిన ఉత్తరం ఇది. చేతులు ఖాళీ లేక నన్ను వ్రాయమన్నది.

నీవు నిప్పు పడిపోనివ్వలేదనీ, బట్టీలో రెండు కూజాలు తప్ప అన్నీ నిలిచాయనీ నీ కబురు అందింది. నీ గురువు ఆ చీటీని నా నిఘంటువులో పెట్టుకున్నది. నిప్పును నీకు అప్పగించి వచ్చిన పని ఏమైందో తెలుసుకోవలసినవాళ్లలో నీవు మొదటిదానివి. అందుకే దాచకుండా వ్రాస్తున్నాను.

ఆమె వచ్చేసరికి మీ పెద్దమ్మగారు, అంటే నీ గురువు అక్క, తొట్టి ఎదుట కూర్చుని ఉన్నది. సంచి గుమ్మంలో వదిలి, "అక్కా, పోట్లాడ్డానికి వచ్చాను" అన్నది నీ గురువు. అక్క తల తిప్పి చూసింది. చూసి మళ్లీ తొట్టి వైపు తిరిగింది. ఆ పూటా మరునాడూ ఆమె చేతి ముద్ద తినలేదు, నేను పెడితే తిన్నది. నీ గురువు అలగలేదు. పక్కనే స్టూలు వేసుకుని రెండు రోజులు ఒక్కతే రెండువైపులా పోట్లాడింది. "ఇప్పుడు నువ్వు ఇలా అంటావు. దానికి నేను ఇలా అంటాను. అప్పుడు నువ్వు నాన్న పేరు ఎత్తుతావు." పక్కగదిలో పుస్తకం తెరిచి పెట్టుకుని నేను ఒక్క పేజీ తిప్పలేదు.

రెండోరోజు సాయంత్రం ఆ వాదంలో ఆమె తన వైపు మాటలు అయిపోయి ఆగింది. "నాకు చెప్పుకోవడానికి ఇంకేం లేదక్కా. ఆ రోజు నిప్పు చూసే మనిషి ఉంది. నేనే రాలేదు" అన్నది. అప్పుడు అక్క ఎడమచేయి చాచి ఆమె చేతిని తన ఒళ్లోకి లాక్కున్నది. ఒక్కొక్క వేలూ విప్పి, గోళ్లు చూసింది. అలాగే పట్టుకుని కూర్చున్నది. నేను లేచి వీధి తలుపు మూసివచ్చాను. వీధిలో ఎవరూ లేరు, అయినా మూశాను.

మర్నాడు నీ గురువు నీలికుండను తొట్టిలోంచి తీస్తే అక్క ఆపలేదు. అది ఇప్పుడు కిటికీ మీద ఉన్నది. నీళ్లన్నీ పారబోసి, ఇసుక కడిగి, బతికిన రెండు చేపలనూ ఎర్రకుండలతో సహా తిరిగి వదిలాము. పెద్దది ఒక కుండ నోటి దగ్గర ఇసుక తవ్వుతున్నది. గుడ్లు పెట్టడానికి అది మంచి సూచన అంటాడు దుకాణం ముసలాయన. ఆశపెట్టడం అతని వృత్తి కాబట్టి నేను సగమే నమ్ముతున్నాను.

ఇక ఈ ఉత్తరంతో పంపుతున్న పెట్టె సంగతి. నీ గురువు రోజూ ఉదయం ఒక మట్టిముద్ద నానబెట్టి అక్క ఎడమచేతిలో పెడుతున్నది. మొదట నొక్కడమే. తరువాత బొటనవేలితో గుంట. పదకొండోరోజుకు ఒక గిన్నె ఆకారం వచ్చింది. ఒకవైపు కుంగి, ఒకవైపు లేచి ఉన్నది. "అక్కా, ఇది గిన్నా, ఎవరో ఎక్కి కూర్చున్న టోపీయా?" అని నీ గురువు అంచు సరిచేయబోతే, అక్క ఆ చేతిని తోసివేసింది. మోచేత్తో, బాగా గట్టిగా. నీ గురువు స్టూలు మీద నుంచి జారి కిందపడి నవ్వింది. కుర్చీలో అక్క కూడా నవ్వింది. శబ్దం లేదు, భుజాలు ఊగినవి. ఆ తరువాత గిన్నెను చూపించి, తొట్టిలో రెండు ఎర్రకుండల మధ్య ఉన్న ఖాళీని చూపించింది.

పచ్చిమట్టి నీళ్లలో కరిగిపోతుందని నీకు నేను చెప్పనక్కరలేదు. నీడలో పదిరోజులు ఆరబెట్టి, దూదిలో చుట్టి పంపుతున్నాను. వచ్చే బట్టీలో దీన్ని కాల్చి పంపు. పూత వద్దు. అంచు దిద్దవద్దు. అడుగున ఉన్న నొక్కు ఎడమ బొటనవేలిది, అది చెరగనీయకు. నీ గురువు ఇంకా కొంతకాలం ఇక్కడే ఉంటుంది. ఎంతకాలమో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. మాట తిరిగి వస్తుందని వైద్యుడు చెప్పలేదు. ప్రతి ఉదయం తొట్టి ఎదుట ఇప్పుడు రెండు కుర్చీలు ఉంటాయి. నీ గురువు మాట్లాడి, ఆగి, జవాబుకు పట్టేంత సేపు ఎదురుచూసి, తరువాత మళ్లీ మాట్లాడుతుంది. ఆ ఆగిన చోట ఏమున్నదో వినడానికి నేనూ ఆగుతాను.

కాల్చేటప్పుడు గిన్నె పగిలితే దిగులు పడకు. రెండు ముక్కలూ పంపు. చేపలకు సగం కుండ చాలు.

అమ్మాయీ, నిన్ను చూడకుండానే దీవిస్తున్నాను. నీ కుమ్మరిసారె నిలకడగా తిరుగుగాక. నీ నిప్పు నీ మాట వినుగాక. నీవు చేసినది ఏ ఇంట, ఏ నీటిలో ఉన్నా, అక్కడ ఊపిరి ఉన్నవన్నీ చల్లగా బతుకుగాక. నీ తరువాత ఆ వసారాలో కూర్చుని మట్టి పిసికే పిల్లలకు, వారి తరువాత వచ్చేవారికి, గోళ్లలో మట్టి గౌరవమగుగాక. వారిలో ఎవరికైనా బట్టీ మండుతుండగా ఇంటినుంచి కబురు వస్తే, "నువ్వు వెళ్లు, నేను చూసుకుంటా" అనే మనిషి పక్కన ఉండుగాక, ఆ మాట విని వారు లేచి వెళ్లుదురు గాక.